సైనికుడికి ఉండలు పంపాలంటే ముందు పాకం కుదరాలి

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో నార్త్ ప్లాట్ అని చిన్న ఊరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, అక్కడి రైల్వే స్టేషన్లో 1941 డిసెంబరు 25 నుంచి 1946 ఏప్రిల్ 1 దాకా ఆడవాళ్లు సైనికులకు ఉచితంగా క్యాంటీన్ నడిపారు. చుట్టుపక్కల 125 ఊళ్లు వంతులేసుకున్నాయి. 60 లక్షల మందికి పైగా సైనికులు ఆ స్టేషన్లో తిని పోయారు. రైలు ఆగేది పది, పదిహేను నిమిషాలు. అందుకే శాండ్‌విచ్‌లు, ఉడికించిన గుడ్లు, కేకులు, పాప్‌కార్న్ ఉండలు. చేతిలో పట్టుకుని పరుగెత్తేవే అన్నీ. అదీ చక్కెర రేషన్లో దొరికే రోజుల్లో!

ఇలాంటి పనిని 'అమ్మ ప్రేమ' అని మెచ్చుకుని చేతులు దులుపుకోవడం మాకు నచ్చదు. అది పనితనం. ఆ పాప్‌కార్న్ ఉండలకు చుట్టాలైన బొరుగుల (మరమరాల) ఉండలు అనంతపురం, కర్నూలు ఇళ్లలో చేసేవాళ్లనడగండి, తెలుస్తుంది. ఎనిమిది గ్లాసుల బొరుగులకు గ్లాసున్నర బెల్లం తురుము, పావు గ్లాసు నీళ్లు. బెల్లం కరిగాక వడగట్టకపోతే పంటికింద ఇసుక తగుల్తుంది. పాకం చుక్క చల్లనీళ్లలో వేస్తే టక్కున విరగాలి. సాగిందంటే ఉండలు మర్నాటికే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒక్క నిమిషం ఎక్కువైందా, చేదు. బొరుగులు ముందే వట్టి బాణలిలో వెచ్చబెట్టాలి. మెత్తబడ్డ బొరుగుల్ని ఏ పాకమూ కాపాడలేదు. దించాక చల్లారితే ఉండ కట్టదు, కాబట్టి నలుగురు ఒకేసారి చేతులకు నెయ్యి రాసుకుని కూర్చోవాలి. పూర్తిగా ఆరకముందే డబ్బాలో పెడితే లోపల ఆవిరి పట్టి పాడవుతాయి.

సరిహద్దులో ఉన్న సైనికులకు మన సంఘం ఏమైనా పంపాలనుకుంటే ఓళిగలు (బొబ్బట్లు) వద్దు. పూర్ణంలో తడి ఉంటుంది, దారిలోనే పులుస్తాయి. కజ్జికాయలు పొడి అవుతాయి. బొరుగుల ఉండలు కూడా గాలి తగిలితే నిలవవు. చెనిక్కాయ (వేరుశనగ) ఉండలే మేలు, కిలో గింజలకు 700 గ్రాముల బెల్లం సరిపోతుంది. గింజలు ఏరేటప్పుడు మాత్రం మొహమాటం కూడదు. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి పారేయాల్సిందే. బూజు వల్ల గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. గింజలు దంచి చేస్తే నూనె బయటికొచ్చి తొందరగా కనరు వాసన కొడుతుంది. బద్దలుగానే ఉంచాలి, ఉసిరికాయంతే కట్టాలి. పెద్దవైతే చలిప్రాంతంలో రాళ్లే.

విరాళంలో ఎక్కువ భాగం బ్యానర్లకూ ఫొటోలకూ కాకుండా, ఆ ఉండలు కట్టే మన ఊరి ఆడవాళ్లకు కూలిగా వెళ్లాలని మా వాదన. నార్త్ ప్లాట్ వాళ్లు ఊరికే చేశారు కదా అంటారేమో. వాళ్లు తమ ఊరి స్టేషన్లో, తమ ఇష్టంతో చేశారు. మనం ఊరికి దూరంగా కూర్చుని అనంతపురంలో ఇంకొకరి చేత చేయిస్తున్నాం. ఇక బెల్లం కొనకముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి: ఇంట్లో చేసినవి తీసుకుంటారా, ఎన్ని కిలోలు, ఎప్పటికి, ఏ డబ్బాల్లో. ప్రతి డబ్బా మీదా చేసిన తేదీ, వాడిన సరుకులు రాయాలి. సంఘం పేరు ఆ కింద, చిన్న అక్షరాల్లో ఉన్నా చాలు.