కొత్త షేరు సరే, వెనక ఎన్ని బళ్లున్నాయి?

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా కుందులి సంతలో సరుకు కొనే వ్యాపారి తొలి బండి అల్లం ధర విని బేరం ఖాయం చేసుకోడు. వెనక ఇంకా ఎన్ని బళ్లు దిగుతాయో ముందు వాకబు చేస్తాడు. అదే మనిషి ఫోన్లో ఐపీఓకి, అంటే కంపెనీ తొలిసారి జనానికి అమ్మే షేర్లకు, దరఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం ఒకే ప్రశ్న అడుగుతాడు: జీఎంపీ (షేరు మార్కెట్లోకి రాకముందే బయట పలికే అదనపు ధర, గ్రే మార్కెట్ ప్రీమియం) ఎంత?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఎక్కడైనా ఇదే తంతు. ఇంట్లో ఎన్ని పాన్ కార్డులుంటే అన్ని లాట్లు (దరఖాస్తుకు కనీస షేర్ల మూట), ఒక్కోటి పదిహేను వేల లోపు. ఆఖరి రోజు సాయంత్రం ఐదులోపు యూపీఐ మ్యాండేట్ (ఖాతాలో డబ్బు ఆపి ఉంచే అనుమతి) ఒప్పుకోవడం, ఆ తర్వాత మూడో పనిదినాన లిస్టింగ్ (షేరు మార్కెట్లోకి రావడం), ఆ పొద్దున్నే అమ్మకం. 2021 ఏప్రిల్ నుంచి 2023 డిసెంబరు దాకా వచ్చిన 144 ఐపీఓలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పరిశీలిస్తే, వ్యక్తిగత మదుపరులు తమకు దక్కిన షేర్లలో విలువ ప్రకారం సగం వారంలోపే అమ్మేశారని తేలింది. లాభం 20 శాతం దాటినచోట 67.6 శాతం అమ్మారు, నష్టం వచ్చినచోట 23.3 శాతమే. పండిన కాయ కోసేసి, పుచ్చిన కాయను చెట్టుకే ఉంచుకున్నారన్నమాట.

గ్రే మార్కెట్ ప్రీమియం ఏ రిజిస్టరుకూ ఎక్కని నోటి బేరం. కొత్త షేరు నడకను అసలు నడిపించేది సరఫరా: ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయి, వాటి తాళం (లాకిన్, అంటే అమ్మకూడని గడువు) ఏ తేదీన తెరుచుకుంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఇష్యూ అయ్యాక కంపెనీవి మొత్తం 10 కోట్ల షేర్లు అనుకోండి. ప్రమోటర్లవి (కంపెనీని నడిపించే యజమానులవి) 5 కోట్లు, పాత ఇన్వెస్టర్లవి 3 కోట్లు, ఇష్యూలో అమ్మినవి 2 కోట్లు. ఆ 2 కోట్లలో సగం పెద్ద సంస్థల వాటా, అందులో 60 శాతం, అంటే 60 లక్షలు, యాంకర్లవి (ఇష్యూ తెరవకముందే షేర్లు తీసుకునే సంస్థలవి). వాటికి తాళం ఉంది గనుక లిస్టింగ్ రోజు చేతులు మారగలిగినవి 1.4 కోట్లే. సరుకు కొరతకు ఉత్సాహం తోడైతే ధర ఎగరక ఏం చేస్తుంది? అలాట్‌మెంట్ (షేర్ల కేటాయింపు) నుంచి 30 రోజులకు యాంకర్ల సగం, 90 రోజులకు మిగతా సగం విడుదలవుతాయి. ఆరు నెలలకు పాత ఇన్వెస్టర్ల 3 కోట్లూ ఒక్కసారే గేటు దాటుతాయి. 1.4 కోట్లతో మొదలైన సరుకు 5 కోట్లకు చేరింది. ప్రమోటర్లు మూలధనంలో 20 శాతాన్ని మామూలుగా 18 నెలలు కదపకూడదు గానీ, అంతకు మించినది వాళ్లకూ ఆరు నెలలకే చేతికొస్తుంది. ఉద్యోగులకు ఈసాప్ (ఉద్యోగుల షేర్ల పథకం) కింద వచ్చిన షేర్లకైతే ఈ తాళమే లేదు.

జొమాటోను చూడండి. 2021 జులైలో 76 రూపాయలకు ఇచ్చారు. అప్పట్లో పాత ఇన్వెస్టర్లకు ఏడాది తాళం. 2022 జులై 23, శనివారంతో అది తీరింది. సోమవారం షేరు 11 శాతానికి పైగా పడిపోయింది. ఆ రెండు రోజుల్లో బిర్యానీ ఆర్డర్లేమీ ఆగిపోలేదు. తాళం తీశారు, అంతే.

ఇష్యూ వివరాల పత్రం, ప్రాస్పెక్టస్, ఐదొందల పేజీలున్నా ఈ లెక్కకు రెండు చోట్ల చూస్తే చాలు. మొదటి పేజీల్లో ఫ్రెష్ ఇష్యూ (కంపెనీ కొత్తగా ఇచ్చే షేర్లు) ఎంత, ఆఫర్ ఫర్ సేల్ (పాతవాళ్లు అమ్ముకునే షేర్లు) ఎంత అని ఉంటుంది. ఆఫర్ ఫర్ సేల్ సొమ్ము కంపెనీకి ఒక్క రూపాయి చేరదు, అమ్ముకునేవాళ్ల జేబుకే పోతుంది. ఆ పక్కనే వాళ్లు సగటున ఎంతకు కొన్నారో కూడా రాయాలి. 8 రూపాయలకు కొన్నవాడు మీకు 400కి అమ్ముతుంటే, మిగిలినవి రేపు 200కి అమ్మినా అతనికి లాభమే. ఆ తర్వాత మూలధన నిర్మాణం అధ్యాయం: ఎవరి వాటా ఎంత, లాకిన్ ఎప్పటిదాకా, ఏ ఫండుకు మినహాయింపు. ఆ తేదీలను గోడ క్యాలెండరులో పాలు, పేపరు లెక్కల పక్కనే రాసుకోండి. అలాట్‌మెంట్ రాక లిస్టింగ్ రోజు పది గంటలకు మార్కెట్ ఆర్డరు (ఎంత ధరైనా సరే అనే ఆర్డరు) కొట్టేవాళ్లకు ఒక్క మాట: మార్కెట్ తెరవకముందు తొమ్మిదింటికి జరిగే ప్రీ ఓపెన్ వేలంలోనే ధర తేలిపోతుంది, పదింటికి మీరు కొనేది అలాట్‌మెంట్ దక్కినవాడు వదిలించుకుంటున్న సరుకు.

వ్యాపారం బాగుంటే ఇవన్నీ తాత్కాలికమే అంటారు కొందరు. జొమాటో తర్వాత ఎన్ని రెట్లు పెరగలేదూ అని, పూర్తిగా ఆఫర్ ఫర్ సేల్‌గా వచ్చిన టాటా టెక్నాలజీస్ 2023 నవంబరులో 500 ధరకు 1,200 దగ్గర తెరుచుకోలేదూ అని అడుగుతారు. నిజమే. కానీ జొమాటోలో బాగుపడినవాళ్లలో తాళం తెరిచిన వారం ఓపిక పట్టి కొన్నవాళ్లున్నారు. టాటా టెక్నాలజీస్‌ను 1,200కి కొన్నవాళ్లు 2025 పొడుగునా ఆ ధర కళ్లచూడలేదు.

ఇంత తేలిక లెక్క సరిహద్దు ఊళ్లకు ఎందుకు చేరదు? భాష వల్ల. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ బరంపురం తెలుగువాళ్లకు బయట ఒడియా, ఇంట్లో తెలుగు. ప్రాస్పెక్టస్ ఇంగ్లిషులో ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి సెబీ తప్పనిసరి చేసిన వివరణ వీడియో ఇంగ్లిషు, హిందీల్లో. పత్రికా ప్రకటన ఇంగ్లిషు, హిందీలతో పాటు కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్నచోటి భాషలో. ఆఫీసు ముంబయిలో ఉంటే మరాఠీ అన్నమాట. బరంపురానికి ఆ ప్రకటన ఒడియాలో రాదు, తెలుగులోనూ రాదు. జీఎంపీకి భాషతో పని లేదు, అంకె చాలు. అందుకే గెలుస్తోంది. 2022 మేలో ఎల్‌ఐసీ పాలసీదారులకు 60 రూపాయల తగ్గింపుతో 889కి ఇచ్చిన షేరు 867 దగ్గర మొదలైనప్పుడు, అంతకుముందు ప్రీమియం పలికిన గ్రే మార్కెట్‌ను నిలదీయడానికి ఒక చిరునామా అయినా లేదు.

ఏ షేరుకు ఏ తేదీ దాకా తాళముందో షేర్ల ఖాతాలు చూసే సంస్థలు ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ దగ్గర ఇప్పటికే నమోదై ఉంటుంది. అలాట్‌మెంట్ మెసేజ్‌లో ఇంకో వరుస చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు: 30వ రోజు తేదీ, 90వ రోజు తేదీ, ఆరు నెలల తేదీ, ఒక్కో రోజు విడుదలయ్యే షేర్ల సంఖ్య. దరఖాస్తుదారు ఎంచుకున్న భాషలో, అది తెలుగైనా, ఒడియా అయినా.