“ఇటివ్వు, నేను చేసేస్తాలే”

టీమ్ లీడ్ అయిన కొత్తలో నేను రోజుకు పదిసార్లు అన్న మాట ఇది. గడువు ముంచుకొస్తుంటుంది, కొత్తగా చేరిన అమ్మాయి రిపోర్టుతో తంటాలు పడుతుంటుంది. వివరంగా చెప్పాలంటే గంట, నేనే చేస్తే పది నిమిషాలు. చేసేసేవాణ్ణి. వచ్చే నెల అదే రిపోర్టు, అదే తప్పు, మళ్ళీ నా దగ్గరికే. ఏడాది తిరిగినా ఆమెకు ఆ పని పట్టుబడలేదు, నాకు ఊపిరి సలపలేదు.

అందుకే “నేర్పడానికి టైమ్ ఎక్కడుందండీ” అని మేనేజర్లు అంటే ఒప్పుకోలేను. టైమ్ లేకపోవడానికి సగం కారణం నేర్పకపోవడమే. ఇంటెల్‌ను నడిపిన ఆండీ గ్రోవ్ 1983లోనే దీనికి లెక్క కట్టారు. మేనేజర్ తన టీమ్‌కు చెప్పే నాలుగు క్లాసులు, ఒక్కోదానికి మూడు గంటల తయారీ, వెరసి 12 గంటలు. వినే పదిమంది ఏడాదికి చేసే పని సుమారు 20,000 గంటలు. వాళ్ల పనితీరు ఒక్క శాతం మెరుగుపడినా 200 గంటలు కలిసొస్తాయి.

మంచి మేనేజర్లలో ఏముంటుందో తెలుసుకోవడానికి గూగుల్ 2008లో పరిశీలన మొదలుపెట్టింది. తేలిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది మంచి కోచ్‌గా ఉండడం. సాంకేతిక నైపుణ్యం చిట్టచివరిది. పనిలో దిట్ట అని ప్రమోషన్ అందుకున్న మనలాంటివాళ్లకు ఇది అంత తేలిగ్గా మింగుడుపడదు.

కోచింగ్ అంటే ఉపన్యాసం కాదు. అదేమిటో నాకు చూపించింది నా పాత లీడ్ ఒకాయన. సమస్య చెప్పగానే పెన్ను పక్కన పెట్టి, “నువ్వైతే ఏం చేస్తావ్?” అనేవారు. తర్వాత మాట్లాడేవారు కాదు. నిమిషం గడిచినా కంప్యూటర్ వైపు చూసేవారు కాదు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి నాకు చెమటలు పట్టేవి. ఏదో తోచింది చెప్తే, “సరే, అలా చేస్తే ఎక్కడ దెబ్బ తినొచ్చు?” అనేవారు. మూడో ప్రశ్నకల్లా దారి నాకే దొరికేది. అలా దొరికినవి ఇప్పటికీ మర్చిపోలేదు.

అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మాత్రం ప్రశ్నలు వేస్తూ కూర్చోకూడదు. ముందు దాన్ని లేపాలి, మర్నాడు కూర్చుని మాట్లాడుకోవాలి.

క్లయింట్ కాల్ వస్తే క్యాలెండర్లోంచి ముందు ఎగిరిపోయేది టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే అరగంటే. ఇప్పుడు నేను దాన్ని తీసేయను. తప్పకపోతే అదే రోజు ఇంకో వేళకు జరుపుతాను. అందులో స్టేటస్ అడగను. “ఈ వారం ఎక్కడ ఆగిపోయావ్?” అని అడిగి, నా చేతులు కీబోర్డుకు దూరంగా పెట్టుకుంటాను.