అహోబిలానికి ఏ రోజు పోవాలి? అక్కకీ నాకూ పడిన వాదన

అమ్మని తీసుకుని అహోబిలం పోదామనుకున్నాం, ఎగువ అహోబిలం నుంచి కొండలోకి నడిచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి. జనం లేని మంగళవారం చూసుకుని పోదామని నేను, కాదు స్వామి జన్మనక్షత్రం స్వాతి రోజే పోవాలని అక్క. ఫోన్లో గంట సేపు నడిచింది, గుర్తున్నంత వరకు రాస్తున్నా.

నేను: పోయినసారి స్వాతికే పోయాం కదక్కా, ఏం చూశామో చెప్పు. నాకైతే వెనకనుంచి తోయడం, అమ్మ రాయి పట్టుకుని అట్లే నిలబడిపోవడం గుర్తున్నాయి. అంత కొండెక్కి స్వామిని చూసింది మూడు సెకన్లు, "జరగండి జరగండి" అన్నారు, జరిగాం. దానికి అంత కష్టపడి అమ్మని పైకి తేవాలా?

అక్క: ఆ మూడు సెకన్లకి అమ్మ ఏడ్చింది, నువ్వు చూళ్ళేదు. ఆరోజు వందల మంది గోవిందా అంటుంటే లోయంతా మోగింది, ఆ ఊపులోనే అమ్మ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నడిచింది. ఖాళీ దారిలో అయితే సగంలోనే కూర్చునేది.

నేను: మొన్న వానలు తగ్గాక నేనొక్కణ్ణే పోయినప్పటి సంగతి చెప్తా విను. దారిలో భవనాశిని నీళ్ళ చప్పుడు తప్ప ఏం లేదు, అటు గరుడాద్రి ఇటు వేదాద్రి, పైనుంచి పడే నీళ్ళ కింద తడుచుకుంటూ పోయి గుహలో నిలబడితే ఎవరూ కదలమనలేదు, హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకుని చీలుస్తున్న ఆ మూర్తిని పావుగంట చూశా, వేళ్ళు ఎట్లా చెక్కారో కూడా చూశా, భయమేసింది నిజంగా. ఉగ్రమూర్తి అంటే ఏంటో నాకు ఆరోజే అర్థమైంది. జనంలో ఆ భయం ఎక్కడ పుడుతుంది? వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వార్ ఈ కొండ మీద పది పాశురాలు, అంటే తమిళ భక్తిపాటలు, పాడాడు కదా, దేవుళ్ళు తప్ప ఇంకెవరూ పోలేని చోటు అన్నాడు. అట్లాంటి చోటికి జాతరకి పోయినట్టు పోవడమేంటి.

అక్క: ఆళ్వార్‌ని సగమే చెప్తున్నావు రా. ఆ పాశురాల్లోనే వెదుర్లు ఒరుసుకుని నిప్పు పుట్టి ఆకాశం ఎర్రబడింది అంటాడు, వేటగాళ్ళ డప్పు చప్పుడు ఆగదు అని కూడా అంటాడు. అంటే ఆరోజుకీ ఆ కొండలో మనుషులున్నారు. చెంచులు ఈరోజుకీ ఉన్నారు, చెంచులక్ష్మి వాళ్ళింటి ఆడపడుచు, స్వామి వాళ్ళకి అల్లుడు. జనం లేని చోటు అని నువ్వనుకుంటున్నావు, నీకు తెలిసినవాళ్ళు లేరు అంతే.

(ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. కాసేపు ఊరికే ఉన్నా.)

నేను: సరే, చెంచులది ఆ అడవి. కానీ వాళ్ళు వాగులో వాటర్ బాటిల్స్ పారేయలేదు కదా. రక్తకుండం అనే ఆ నీటిగుంట పక్కన చిప్స్ ప్యాకెట్లు నేనే ఏరా. అది నల్లమల అక్కా, పులులు తిరిగే అడవి, అంతమంది ఒకేరోజు పడితే తట్టుకోదు.

అక్క: దాంట్లో నేను నీ పక్షమే, కవర్లు పారేసేవాళ్ళని కిందే ఆపాలి. కానీ చెత్తకి మందు జనాన్ని వద్దనడం కాదు. జనం లేకపోతే గుడికి ఏమవుతుందో అహోబిలానికి బాగా తెలుసు. 1579లో గోల్కొండ సైన్యం వచ్చి దోచుకుంది, కొన్నేళ్ళు పూజలు కూడా సరిగ్గా లేవు, మళ్ళీ విజయనగరం వాళ్ళ అండతో నిలబడింది. అంతకుముందు కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలప్పుడు ఇక్కడికొచ్చి హారాలు, బంగారం ఇచ్చిపోయాడని శాసనముంది, ఆయన ఒంటరిగా వచ్చాడా? అసలు స్వామే ఊరుకోడు, కనుమ రోజు పార్వేటకి, అంటే వేట ఉత్సవానికి, బయల్దేరి నలభై రోజులకి పైగా ముప్పై పైచిలుకు ఊళ్ళు తిరుగుతాడు, నా పెళ్ళికి రండి అని పిలవడానికి. చెంచులు పల్లకికి బాణాలు వేసి సాగనంపుతారు, ఊరూరా తెలుపు అనే అరుగు మీద పల్లకి దించితే ఇళ్ళల్లో పండగ. జనం కోసం కొండ దిగొచ్చే దేవుడి దగ్గరికి జనం వద్దనుకుని పోతావా?

నేను: తిరిగేది ఉత్సవమూర్తి. ఇక్కడి నరసింహస్వాముల్లో ఇంకొకరైన మాలోల స్వామి ఉత్సవమూర్తి కూడా అహోబిల మఠం పీఠాధిపతి జీయర్‌తో ఊళ్ళు తిరుగుతాడు, 1398లో మఠం పెట్టినప్పటి నుంచీ అదే సంప్రదాయం. కానీ మూలవిరాట్టు గుహ దాటి రాదు, మనమే ఎక్కాలి. నాకనిపించేది అదే, కిందికొచ్చే స్వామి అందరి కోసం వస్తాడు, పైనున్న స్వామి దగ్గరికి మాత్రం నెమ్మదిగా, మాట్లాడకుండా పోవాలి. అమ్మకి ఒక్కసారైనా ఆ పావుగంట దొరకాలి అక్కా. మూడు సెకన్లకే ఏడ్చిందన్నావు.

అక్క: ...నువ్వెళ్ళిన ఖాళీ రోజున లోపల దీపముందా?

నేను: ఉంది.

అక్క: ఎవరు పెట్టారు?

నేను: అర్చకస్వామి. ప్రసాదం గిన్నె చేత్తో పట్టుకుని నా కంటే ముందే ఎక్కాడు. నేను రాకపోయినా ఎక్కేవాడే.

అక్క: అది గుర్తుపెట్టుకో చాలు. సరే, మంగళవారమే పోదాం. కానీ ఖాళీ రోజు డోలీ వాళ్ళు ఉంటారో లేదో, ముందే పోయి మాట్లాడిరా, అమ్మ మాలోల స్వామి గుడి వరకు నడుస్తానన్నా ఒప్పుకోవద్దు. ఇంకోటి, ఉగ్రస్తంభం అనే ఆ పైనున్న బండరాయి ఎక్కాలనుకుంటే దారి తెలిసినవాళ్ళు లేకుండా ఎక్కవద్దు, ఒక్కడివే అయితే అసలొద్దు, అక్కడ రాళ్ళు జారితే పిలిచినా పలికేవాళ్ళుండరు.

నేను: ఎక్కను. అమ్మ కిందుంటే నేనెందుకు పోతా.

అక్క: కనుమకి లీవ్ పెట్టు. పల్లకి మన ఊరికొచ్చే రోజుకి నువ్వు ఉండాలి, ఆరోజు జనమెక్కువ అనకూడదు.

నేను: ఈ వారమే పెడతా.