నా ఎముకను నమిలేసిన నా రక్షకదళానికి

తెల్లరక్తకణాల వారికి,

నిన్న మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా పళ్ల డాక్టరు గారి బల్ల మీద కూర్చున్నాను, తమరి పుణ్యమా అని. దవడలో జామకాయ దాచుకున్నట్టుంది నా మొహం. పక్కన కూర్చున్న పిల్లాడు గుటకలు మింగుతూ నన్నే చూశాడు.

లోపలికి పిలిచి ఎక్స్‌రే చూపించారు. కుడివైపు కింది దవడ పన్ను, వేరు కొసన శనగగింజంత నల్లమచ్చ.

"చీము పట్టిందాండీ?"

"అక్కడ ఎముక లేదండీ."

"పురుగు తినేసిందా?"

"పురుగేం తినలేదు. మీ ఒంట్లోవాళ్లే కరిగించారు."

అయ్యా! దుమ్ము రేణువొకటి ముక్కులో పడితే ఇరవై తుమ్ములు తుమ్మించే మీ శూరత్వం నాకు తెలుసు, ఎన్నడూ ఏమీ అనలేదు. పిప్పిపన్ను లోపలి నరం చచ్చింది, దాంతో నెత్తురు దారి మూసుకుపోయింది, మీరు లోపలికి పోలేకపోయారు. అదీ సరే. ఆ దారిలేకే కదా నేను మింగిన ఐదు రోజుల యాంటీబయాటిక్ కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయింది! కానీ బ్యాక్టీరియా దొంగలు లోపల గడియ పెట్టుకుంటే ఊరి చుట్టూ ఇళ్లు కూలుస్తారా ఎవరైనా? వేరు కొస నుంచి వాళ్ల విషం కాస్త కారిందో లేదో, ఇంటర్‌ల్యూకిన్లనీ టీఎన్‌ఎఫ్ అనీ రసాయనాలతో కేకలు పెట్టారు. ఆ కేకలకు ఆస్టియోక్లాస్టులనే ఎముకలు కరిగించే కణాలు దిగి నా దవడ ఎముకను ఆమ్లం పోసి మరీ కరిగించాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే సామెతనుకున్నాను. నా ఎక్స్‌రే అని తెలీలేదు. ఎముకయ్యా అది! నేను పుట్టాక ఎన్నేళ్లు పాలు తాగి పెంచుకున్నది!

పక్క పంటి చిగురు సంగతి వేరే చెప్పాలా? అక్కడ పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా ఘనుడున్నాడట, మీరు యుద్ధంలో చిందించిన ముక్కలే తిని బలుస్తాడట. అన్నదానం చేస్తున్నారన్నమాట.

ఇంతలో డాక్టరు గారు పన్ను తొలిచారు. కుళ్లిన గుడ్డు వాసన. దూదిముక్క మీద పచ్చగా, చిక్కగా, నెత్తుటి చారతో ఏదో పడింది. "ఇందులో ఎక్కువభాగం చచ్చిపోయిన న్యూట్రోఫిల్స్‌" అన్నారు, నిత్యం చూసేవాడి గొంతుతో. అంటే తెల్లరక్తకణాలే, మీవాళ్లే. నేను మాత్రం ఆ దూదిని కాసేపు చూస్తూ ఉండిపోయాను. మీరు అక్కడ అడ్డుగోడ కట్టకపోతే చీము మెడలోకి దిగి ఊపిరాడేది కాదేమో అని కూడా అన్నారు.

అందుకే ఈ ఉత్తరంలో మొదట రాసిన రెండు మాటలు కొట్టేశాను. ఏవో చెప్పను.

రూట్ కెనాల్ రెండో సిట్టింగ్ శనివారం. వేరు శుభ్రపడితే నెలలు గడిచేకొద్దీ ఎముక మళ్లీ పూడుతుందట. ఆ మరమ్మతు ఖర్చు నాది, ముందే కట్టేశాను. మీరు దయచేసి ఈసారి సాయం చేయడానికి అంత ఉత్సాహపడకండి.

ఇట్లు,
ఎడమవైపు మాత్రమే నమలగలిగే మీ యజమాని