సవరణ: జపాన్ స్కీ రిసార్టుల్లో ఇంగ్లీషు సంగతి
నిన్నటి పోస్టులో "జపాన్ స్కీ రిసార్టుల్లో ఇంగ్లీషుతో హాయిగా గడిచిపోతుంది" అని రాశాను కదా, అది ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవిలోని నిసెకోకీ, 1998 ఒలింపిక్స్ పోటీలు జరిగిన హకుబాకీ సరిపోయే మాట. అక్కడికి ఆస్ట్రేలియా వాళ్లు ఎంతమంది వస్తారంటే మెనూలు, స్కీ పాఠాలు, అద్దె షాపులు ఇంగ్లీషులోనే నడిచిపోతాయి (ధరలూ అలాగే మండుతాయి, అది వేరే గొడవ). తొహోకు (జపాన్ ప్రధాన దీవిలో ఉత్తర భాగం) వైపు చిన్న ఊళ్లకు వెళ్తే మాత్రం ఫోన్‌లో అనువాదం యాప్, జేబులో కొంత నగదు ఉంచుకోండి. మర్యాదకేం లోటుండదు, భాషతోనే ఇబ్బంది. ఇంకోటి, ఒంటి మీద టాటూ ఉంటే చాలా ఆన్సెన్‌లలో, అంటే వేడినీటి స్నానాల దగ్గర, లోపలికి రానివ్వరు. అది విదేశీయుల మీద కోపం కాదు, జపాన్ వాళ్లకూ అదే రూలు. నిసెకోలో స్కీ హద్దుగా కట్టిన తాళ్లు దాటి బయటి మంచులోకి దిగితే, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్ట్ పాస్ లాగేసుకుంటారు, ఎవరైనా సరే.