గరుత్మంతుడికి 6 మార్కులు

డాలస్‌లో విమానం ఆలస్యమైంది, ఫిలడెల్ఫియాలో అద్దెకారు దొరకడానికి గంట పట్టింది, చెర్రీ హిల్‌లో మా బావమరిది కొత్త ఇంటికి చేరేసరికి సత్యనారాయణ వ్రతం సగం అయిపోయింది. గడప దాటగానే సాంబ్రాణి పొగ కళ్లలోకి కొట్టింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ ఒక్క పని చేయకపోయి ఉంటే ఇదంతా రాసుకునే అవసరం ఉండేది కాదు.

పంతులుగారు వ్యాసపీఠం మీద టాబ్లెట్ పెట్టుకుని మూడో కథ చెబుతున్నారు. మా వైపు తిరిగి ఉన్న దాని వీపు మీద మసక మసకగా ఒక పక్షి తల, వంకర ముక్కు, నుదుట కుంకుమ బొట్టు, చుట్టూ పసుపు కనిపించాయి. విష్ణుమూర్తి వ్రతంలో అటువంటి బొమ్మ ఎదురైతే తెలుగువాడు ఏమనుకుంటాడు? గరుత్మంతుడనుకున్నాను. లెంపలు వేసుకుని, నడుము వంచి, రెండు చేతులూ జోడించి, 1996 జనవరి తరువాత అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ముఖం చూడని మా జట్టు డాలస్ కౌబాయ్స్‌ను ఈ ఏడాదైనా గట్టెక్కించమని మొక్కుకున్నాను. ఫొటోగ్రాఫరు మూడుసార్లు ఫ్లాష్ వెలిగించాడు. నా భక్తికి ముచ్చటపడ్డాడనుకుని నేను మరికాస్త వంగాను.

అంతలో పొగకు అలారం మోగింది. సత్యదేవుడు శాంతించినా శాంతించని ఆ యంత్రం కింద నలుగురు మగవాళ్లు కుర్చీలెక్కి తువ్వాళ్లు విసురుతుండగా, వంటింట్లో మా బావమరిది నా పక్కన చేరాడు.

"బావగారూ, మీ నాలుగు జట్ల డివిజన్‌లో మిగతా మూడు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లకీ హెడ్ కోచ్‌లకీ పదికి ఎన్నేసి మార్కులు వేస్తారు?" అని అడిగాడు. అవసరమైన దానికంటే బిగ్గరగా అడిగాడని ఇప్పుడు తోస్తోంది. క్రికెట్ తప్ప మరో ఆట తెలియనట్లు నటించే మనిషికి నా మార్కులతో ఏం పనో ఆ క్షణంలో ఆలోచించి ఉండవలసింది.

నేను ఆలోచించలేదు. బంతి పట్టుకుని ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్‌నూ, గీత బయట నిలబడి అతణ్ని నడిపే కోచ్‌నూ తూచడంలో నాకు పాతికేళ్ల అనుభవం ఉంది. ఏటా రెండేసిసార్లు మాతో తలపడే జట్లు కనుక వియ్యాలవారి వంటకు మార్కులు వేసేటంత నిష్పాక్షికంగా వేస్తాను.

న్యూయార్క్ జెయింట్స్‌తో మొదలుపెట్టాను. వారి అప్పటి కోచ్ బ్రయాన్ డేబుల్ 2022లో ఉత్తమ కోచ్ పురస్కారం అందుకుని, 2024లో 17 ఆటల్లో మూడే గెలిచారు. 2023లో 16 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చిన డేనియల్ జోన్స్‌ను మరుసటి ఏడాది నవంబరులోనే సాగనంపి, 2025లో రసెల్ విల్సన్, జేమిస్ విన్‌స్టన్, జాక్సన్ డార్ట్ అని ముగ్గురిని వరుసలో నిలబెట్టారు. వీరందరికీ కలిపి 8 మార్కులు వేశాను. మనకు ప్రమాదం లేనివాడి మీద ఉదారంగా ఉండడం నా పద్ధతి.

వాషింగ్టన్ కమాండర్స్ కుర్రవాడు జేడెన్ డేనియల్స్ తొలి ఏడాదే జట్టును 12 విజయాల దాకా నడిపించాడు కనుక 7. కోచ్ డాన్ క్విన్ సూపర్ బౌల్‌లో 28-3 ఆధిక్యం చేతిలో ఉంచుకుని ఓడిపోయిన మనిషి. అయినా మూడేళ్లు మా డాలస్ ఉప్పు తిన్నారు కనుక ఆయనకూ 7.

ఇక మిగిలింది ఫిలడెల్ఫియా. 2025 ఫిబ్రవరి 9న కాన్సాస్ సిటీని 40-22తో ఓడించి సూపర్ బౌల్ గెలిచిన జట్టు, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు వారి క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. అతనికి 6 వేశాను. మా బావమరిది నోరు తెరిచాడు. అసలు పని చేసింది 2024 సీజన్‌లో బంతితో 2,005 గజాలు పరుగెత్తిన అదే జట్టు ఆటగాడు సేక్వాన్ బార్‌క్లీ అనీ, ఇతనిది తోటి ఆటగాళ్లు వెనుకనుంచి తోస్తే ముందుకు కదిలే వ్యవహారమనీ వివరించాను. వెనుకనుంచి తోయడాన్ని నిషేధించాలని 2025 మే నెలలో జట్ల యజమానులు ఓటు వేస్తే 22 వచ్చాయి, కావలసినవి 24. ఆ రెండు ఓట్ల సంగతి గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

మాటలతో చెబితే అర్థం కాదని, అక్కడున్న కొబ్బరికాయను బంతిలా పొట్టకు హత్తుకుని, పట్టుపంచెతో నేల వైపు వంగి, ఇద్దరు మేనల్లుళ్లను వెనుకనుంచి తోయమన్నాను. మొరాయించిన ఆర్టీసీ బస్సును ప్రయాణికులు తోసినట్లు పిల్లలు మనస్ఫూర్తిగా తోశారు. బస్సు కదిలితే డ్రైవరుకు సన్మానం చేస్తామా అని అరుస్తూ నేను ఫ్రిజ్ దాకా వెళ్లాను. కోచ్ నిక్ సిరియానీ సంగతి కూడా అదే వంగిన భంగిమలోనే తేల్చాను. 2021లో జట్టు ఓడిపోతుంటే, పువ్వు పైకి కనిపించకపోయినా వేళ్లు లోపల పెరుగుతున్నాయని చెప్పిన పెద్దమనిషి ఆయన. తొలి నాలుగేళ్లలో రెండు సూపర్ బౌల్‌లకు చేరినా, నా లెక్కలో 4.

"ఆ కాయ ఇలా ఇస్తారా? అది కలశం మీది" అన్న గొంతు వినిపించింది.

తలెత్తితే మొదట చంకలోని టాబ్లెట్, తరువాత పంతులుగారి ముఖం కనిపించాయి. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాను. కుంకుమ బొట్టు కింద వెండి ఈకలు, ఆకుపచ్చ అంచు, నేను పాతికేళ్లుగా టీవీ ముందు తిడుతూ వస్తున్న ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు గుర్తు గద్ద. ఆయన భుజం మీది పట్టు ఉత్తరీయం కూడా ఆకుపచ్చదే.

పంతులుగారు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగో కథలో సాధువనే వర్తకుడి పడవ దగ్గరకు స్వామి సన్యాసి వేషంలో వచ్చి అందులో ఏముందని అడిగే ఘట్టం రాగానే కథ ఆపి, కళ్లజోడు పైనుంచి నన్నే చూస్తూ, "ఏమున్నాయంటారు నాయనా?" అని అడిగారు. యాభైమంది తలలు నా వైపు తిరిగాయి. "ఆకులూ తీగలూ" అన్నాను. "అవునవును, మొక్కు మాత్రం ఏటేటా వచ్చే ఏటికే వాయిదా" అని, మూడో కథలో అయిపోయిన సంగతిని పనిగట్టుకుని మళ్లీ చెప్పి, ఆయన తాపీగా ముందుకు సాగారు. తీర్థం ఇచ్చేటప్పుడు మాత్రం చెవిలో, "మీ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్లట కదా, ఆయనకు ఎన్ని వేశారు?" అన్నారు. నేను మూడుసార్లు పుచ్చుకోవలసిన తీర్థాన్ని ఒక్క గుక్కలో మింగాను.

రాత్రికల్లా ఆ ఫొటో కుటుంబ గ్రూపులోకి ఎక్కింది. గద్ద స్పష్టంగా ఉంది, నేను ఇంకా స్పష్టంగా ఉన్నాను. తెనాలి నుంచి మా అత్తగారు, అల్లుడుగారికి ఇన్నాళ్లకు భక్తి కుదిరిందనీ, ఆ గరుత్మంతుడి బొమ్మ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని తమకూ ఒకటి పంపమనీ రాశారు. బావమరిది అప్పటికే రెండు ఆర్డరు పెట్టాడు. రెండోది డాలస్ చిరునామాకు వస్తోంది.