ప్రీ ఆర్డర్ బటన్ గారికి, చిక్కడపల్లి నుంచి

మహారాజశ్రీ ప్రీ ఆర్డర్ బటన్ గారికి నమస్కరించి రాయునది, ఉభయకుశలోపరి.

మీరు క్షేమంగానే ఉన్నారని రోజూ కళ్ళారా చూస్తున్నాను. రాత్రి పదకొండున్నరకు కంప్యూటర్ తెరిచేసరికి ఇంకా విడుదల కాని ఒక కంప్యూటర్ ఆట పేజీలో, డబ్బు ముందే కట్టేయమంటూ, అదే చోట, అదే ఆకుపచ్చ రంగులో వెలుగుతూ ఉంటారు. నా క్షేమం మీరు ఒక్కసారీ అడగలేదు గానీ, పుట్టిన తేదీ మాత్రం మూడుసార్లు అడిగారు. నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయో లేదోనని మీ అనుమానం. నిండి చాలా కాలమైంది. ఇప్పుడు నలభై ఆరు.

నా ఉద్యోగం సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. బాలానగర్‌లో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో కొనుగోళ్ళ లెక్కలు చూస్తాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నది ఒకటే పని. మేమిచ్చిన ఆర్డరు, సరుకు అందినట్టు స్టోర్స్ వాళ్ళు రాసే జీఆర్ఎన్, అవతలివాడు పంపిన బిల్లు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. మూడూ కలిస్తే సంతకం. ఒకటి తగ్గితే బిల్లు వెనక్కి. బోల్టుల పెట్టె గేటు దాటి లోపలికి వచ్చిందని రుజువు లేకుండా నేను పైసా వదిలింది లేదు. నా వెనుక నన్ను జీఆర్ఎన్ గారు అంటారని తెలుసు. పెళ్ళిళ్ళలో కూడా భోజనం అయ్యాకే చదివింపులు రాయిస్తానని ఒక ప్రచారం ఉంది. అది అన్యాయం. ఒక్కసారే జరిగింది.

అటువంటి నన్ను పదిహేను రోజులుగా మీరు నిద్రపోనివ్వడం లేదు.

సరుకు ఏమిటో మనిద్దరికీ తెలుసు. పేరు రాయను, రాస్తే చెయ్యి ఆగదు. మాంత్రికులు, ఎముకల సేనలు, గుహల్లో డ్రాగన్లు, ఆరు మూలల గళ్ళ మీద యుద్ధాలు. వంతులవారీగా ఆడే వ్యూహాల ఆట. నేను కదిపాక అవతలివాడు కదుపుతాడు. నేను ఆలోచించుకునేదాకా వాడు ఆగుతాడు. మధ్యలో లేచి పాలు కాచి, తలుపు గడియ చూసి, వచ్చి కూర్చున్నా అలాగే ఆగి ఉంటాడు. నా ఆలోచన తెమిలేదాకా నిలబడే ప్రత్యర్థి నాకు ఈ నగరంలో మరెక్కడా తారసపడలేదు. అమీర్‌పేట కూడలిలో పచ్చదీపం వెలగకముందే వెనకనుంచి హారన్ మోగుతుంది.

ఈ వ్యసనం మా ఇంట్లో వంశపారంపర్యం. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అని నాలుగు అంగాల సేనను గళ్ళ మీద పెట్టి ఒకరి తర్వాత ఒకరు కదపడం ఈ దేశంలో పుట్టిన అలవాటే. మా అమ్మమ్మ గుడి అరుగు మీద చెక్కిన గీతల్లో పులిజూదం ఆడేది. ఆవిడకు మూడు పులులు, నాకు పదిహేను మేకలు. ఆ ఆటలో మేకలన్నీ ఒక్కొక్కటిగా గీతల మీదికి దిగేదాకా ఏ మేకనూ కదపడానికి లేదు. పెట్టినచోట పెట్టినట్టే ఉండాలి, పులి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మీ పేజీ చూసినప్పుడల్లా ఎందుకో ఆ అరుగు గుర్తొస్తోంది.

తర్వాత 2000 సంవత్సరం ఎండాకాలం. అశోక్‌నగర్‌లో నలుగురం కలిసి తీసుకున్న గది. పార్క్‌లేన్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న ఒక కంప్యూటర్. అందులో 1999లో వచ్చిన ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’. ఎలా వచ్చిందని అడగకండి, ఆ ఒక్కదానికీ నా దగ్గర బిల్లు లేదు. ఒకే కంప్యూటర్ ముందు వంతులవారీగా కూర్చుని ఆడే పద్ధతిని హాట్ సీట్ అంటారు. మా కుర్చీ నిజంగానే వేడిగా ఉండేది, ఎందుకంటే ఉన్న ఒక్క ఫ్యాను మంచం మీదికి తిరిగి ఉండేది. ఒకడు ఆడుతుంటే మిగతా ముగ్గురం అతని ఎత్తు కనిపించకుండా బాల్కనీలోకి వెళ్ళాలి. ఆ బాల్కనీలోనే నేను సగం బీకాం చదివాను.

ఆ ఆటలో వారం మారినప్పుడు జ్యోతిష్కులు ప్రకటన చేస్తారు, ఇది ఫలానా జీవి వారం అని. ఆ జాతి పెరుగుతుంది. నెల మొదట్లో ఒక్కోసారి తెగులు వచ్చిందంటారు, అందరి జనాభా సగానికి పడిపోతుంది. ఉగాదినాడు ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని విని, తలూపి, పచ్చడి తినేవాళ్ళం కాబట్టి మాకందులో వింతేమీ కనిపించలేదు.

అంటే బటన్ గారూ, ఈ జాతి ఆటల మీద నాకున్న ప్రేమను మీరు శంకించనక్కరలేదు. నా శంక అంతా మీ తొందర మీదే.

ఇప్పుడే కట్టేస్తే నాయకుడి గుర్రానికి బంగారు కళ్ళెం ఇస్తామన్నారు. కొంచెం ఎక్కువ కడితే అందరికంటే కొన్ని రోజుల ముందు లోపలికి రానిస్తామన్నారు. ఇంకా ఎక్కువ కడితే ఇంకా తయారుకాని అదనపు భాగాలు కూడా నావే అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు నవ్వుకుంటారు. మీరు పేరుతో ఆగలేదు. సోమలింగానికి గుర్రం ఇచ్చారు, గుర్రానికి కళ్ళెం తొడిగారు, సోమలింగం తమ్ముళ్ళను కూడా డీలక్స్ ప్రతిలో కలిపేశారు.

తొందర ఎక్కడ న్యాయమో నాకు తెలుసు. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. కొత్త సినిమాకు అడ్వాన్సు బుకింగ్ ఉంటుంది, ఎందుకంటే హాల్లో కుర్చీలకు లెక్క ఉంది. రంజాన్ నెలలో హలీం కోసం చొక్కా నలిగేదాకా వరుసలో నిలబడతాం, ఎందుకంటే డేగిసాకు అడుగు ఉంది. మీ డేగిసాకు అడుగెక్కడుంది? డౌన్‌లోడ్ అయిపోయిందని, రేపు రమ్మని, తలుపు వేసిన దుకాణం ఒక్కటి చూపించండి. ఆటలు అట్టపెట్టెల్లో వచ్చిన కాలంలో ఎన్ని పెట్టెలు తెప్పించాలో దుకాణదారుకు తెలియాలి కాబట్టి ముందే పేరు రాయించుకోవడంలో అర్థం ఉండేది. పెట్టె పోయింది, అట్ట పోయింది, మీరు మాత్రం మిగిలారు. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంలో లక్షలు పాడేవారు కూడా ఇరవై ఒక్క కిలోల లడ్డూను ఎదురుగా చూస్తూ పాడతారు.

నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తారుగదా అని మా అబ్బాయి మీ తరఫున వాదించాడు. నిజమే. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. విడుదలయ్యాక పద్నాలుగు రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం రెండు గంటలు దాటకూడదు. ఇది కాల్పుల ఆటకు సరిపోతుందేమో. వంతుల ఆటలో రెండు గంటలంటే ఏమిటి? ఏ జాతిని ఎంచుకోవాలా అని ముప్పావు గంట. కోటకు పేరు పెట్టడానికి పది నిమిషాలు. మొదటి వారం గడిచేసరికే గడువు అయిపోతుంది. ఈ ఆటల్లో లోపం ఇరవయ్యో గంటలో గానీ బయటపడదు. కంప్యూటర్ ఆడించే శత్రువు ఖాళీ కోటను కళ్ళముందు పెట్టుకుని పక్కనుంచి వెళ్ళిపోతాడా? పటం పెద్దదైతే వాడి వంతు ముగియడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? ఒక జాతిని తీసుకుంటే ఇక మిగతావాటితో పని లేకుండా పోతుందా? కొనేవాడికి కావలసిన జవాబులు ఇవి. మీ ట్రైలర్‌లో డ్రాగన్ పొలుసులు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉన్నాయి. డ్రాగన్‌కు బుర్ర ఉందో లేదో మాత్రం చూపలేదు. పైగా 2024 ఏప్రిల్ నుంచి ముందస్తుగా లోపలికి వెళ్ళి ఆడిన సమయం కూడా ఆ రెండు గంటల లెక్కలోకే వస్తుంది. ఎక్కువ డబ్బు కట్టి ముందుగా వెళ్ళినవాడి గడియారం కూడా ముందుగానే మొదలవుతుందన్నమాట.

పాత బాకీలు తీయడం నా వృత్తిధర్మం, ఏమనుకోకండి. ఈ జాతి ఆటలకు తాతగారనదగ్గ ‘మాస్టర్ ఆఫ్ మ్యాజిక్’ 1994లో వచ్చినప్పుడు దోషాల పుట్ట. సవరణల మీద సవరణలు వచ్చాకే ఈనాటి కీర్తి. నేను బాల్కనీలో బీకాం చదువుకుంటూ ఆడిన ఆటకు తర్వాతి భాగం 2002లో వచ్చింది. నలుగురు కలిసి ఆడే సౌకర్యం లేకుండానే వచ్చింది, దాన్ని తర్వాత అతికించారు. మరుసటి ఏడాదికి ప్రచురణ సంస్థ త్రీడీఓ దివాలా తీసింది. ఇక 2020 డిసెంబరు 10న వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ జాతి వేరు గానీ పాఠం ఒకటే. ఎనభై లక్షలకు పైగా జనం చూడకుండానే ముందే కొన్నారు. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ప్లేస్టేషన్ దుకాణం నుంచే తీసేసి డబ్బు వెనక్కి ఇస్తానంది. మళ్ళీ అల్మరాలో పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత ఆ ఆట బాగుపడింది, ఇప్పుడు మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆగినవాళ్ళు ఆ బాగుపడిన ఆటనే కొనుక్కున్నారు.

ఇంకా ఉడుకుతోంది, రుచి చూస్తారా అని గరిటె చాపుతూ, తయారీ పూర్తికాని ఆటనే అమ్మి ఆడనిచ్చే ఎర్లీ యాక్సెస్ పద్ధతితో నాకు తగాదా లేదు. అక్కడ పచ్చిదని చెప్పే పెడతారు. మీరు మూత తీయకుండా డబ్బడుగుతారు.

మా తోడల్లుడు గారి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. ఆయన ఔటర్ రింగ్ రోడ్డు అవతల ప్రీ లాంచ్ ఆఫర్‌లో ఫ్లాటు కొన్నారు. మొత్తం ముందే కడితే చదరపు అడుగు సగం ధరకే అన్నారట, కట్టేశారు. బ్రోచరులో ఈతకొలను చాలా నీలంగా ఉంది. మూడేళ్ళయింది. ఆదివారాలు అక్కడికి వెళ్ళి గేదెలు మేస్తుంటే చూసి వస్తారు. నన్నూ ఒకసారి తీసుకెళ్ళారు. “ఇదిగో తమ్ముడూ, ఇది మన క్లబ్‌హౌస్” అని ఒక తుమ్మచెట్టును చూపించారు. నేను ఏమీ అనకముందే బిల్డరు ఇబ్బందులన్నీ బిల్డరుకంటే బాగా వివరించారు. అనుమతులట, ఇనుము ధరలట, కూలీలు ఊళ్ళకు వెళ్ళారట. డబ్బు కట్టిన మనిషి కొనుగోలుదారుగా ఉండడు బటన్ గారూ, వకీలుగా మారిపోతాడు. రేపు ఆ ఆట సరిగ్గా లేకపోతే, బంగారు కళ్ళెం చూపించి నేనూ నలుగురితో అలాగే వాదిస్తానని నా భయం.

ఆయనకు కనీసం ఇళ్ళు, ఫ్లాట్లు కొనేవారికోసం వచ్చిన 2016 నాటి రెరా చట్టం ఉంది. నమోదు కాకుండా అమ్మకూడదని, రిజిస్టరైన ఒప్పందం లేకుండా పది శాతం మించి తీసుకోకూడదని, కొన్నవారి సొమ్ములో డెబ్బై శాతం విడిగా ఖాతాలో ఉంచాలని అందులో రాసి ఉంది. రాసి ఉండగానే తుమ్మచెట్టు క్లబ్‌హౌస్ అయింది. మీకు ఆ రాత కూడా లేదు.

మొన్న రాత్రి మా ఆవిడ నీళ్ళకోసం లేచి వచ్చి నా భుజం మీదుగా మిమ్మల్ని చూసింది.

“ఇది ఎప్పుడు వస్తుందండీ?”

“త్వరలో.”

“త్వరలో అంటే ఏ తేదీ?”

“తేదీ ఇంకా వేయలేదు.”

“డబ్బెప్పుడు పోతుంది?”

“ఇప్పుడే.”

“గ్యాస్ బండ కూడా గుమ్మంలో దిగాకే కదండీ డబ్బిస్తాం” అని, గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళుగా నేను ఆఫీసులో పేజీలకొద్దీ రాస్తున్న అభ్యంతరం అది.

అయినా ఆ రాత్రి కూడా పేజీ మూయలేదు. ఎందుకో నిజం చెబుతాను. నా ఖాతాలో కొని ముట్టుకోని ఆటలు నలభైకి పైగా ఉన్నాయి. మార్చి నెలాఖరు లెక్కలు, అబ్బాయి ఇంటరు, అమ్మ మోకాళ్ళు, వీటి మధ్య నాకు సాయంత్రాలు దొరుకుతాయని ఇంట్లో ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. మీరొక్కరే నమ్మారు. ఈ ఆటలో హాట్ సీట్ ఉందని మీ పేజీలో ఒక మూల చిన్న అక్షరాలతో రాశారు. ఆ ముక్కను అశోక్‌నగర్ గది గ్రూపులో పెట్టాను. డాలస్ నుంచి ఒక బొటనవేలు, కువైట్ నుంచి ఒక బొటనవేలు, నిజామాబాద్ నుంచి రెండు బొటనవేళ్ళు వచ్చాయి. కొందామా అని అడిగాను. ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు. ఒకే కుర్చీలో నలుగురం కూర్చోవాలంటే విమానం టికెట్లు కూడా మీ డీలక్స్ ప్రతిలో చేర్చాలి.

కాబట్టి విన్నపం ఇది. మీరు అమ్మేది వంతుల ఆట. అవతలివాడు కదిపేదాకా ఆగడమే అందులో రసం. అటువంటి సరుకు పక్కన ఆఫర్ ముగిసిపోతోందంటూ గంటలు, నిమిషాలు, సెకన్లు తరిగిపోయే గడియారం ఎందుకు పెట్టారు? మీ ఎత్తు చూడకుండా నన్ను కదపమంటారేమిటి? మా అమ్మమ్మ మూడు పులులతో కూర్చుని కూడా అలా తొందరపెట్టలేదు.

నా ఎత్తు నేను వేశాను. మీ పేజీని ముద్రించి, పైన ఎర్ర సిరాతో ‘జీఆర్ఎన్ లేదు. పెండింగ్’ అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి ఫైలులో ఉంచాను. ఇక మీ వంతు. విడుదల చేయండి. జనం ఆడనివ్వండి. తిట్టేవాళ్ళు తిట్టాక, సవరణలు రెండు మూడు వచ్చాక, దసరాకో సంక్రాంతికో ధర తగ్గాక బిల్లు పంపండి, చూస్తాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
జీఆర్ఎన్ గారు,
చిక్కడపల్లి.

తా.క.: ఆ బంగారు కళ్ళెం గుర్రం మామూలు గుర్రంకంటే రోజుకు ఒక గడి ఎక్కువ నడుస్తుందా, లేక రంగు మాత్రమేనా? ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. గడియారంలో ఇంకా పదకొండు గంటలు కనిపిస్తున్నాయి, కాస్త త్వరగా జవాబివ్వగలరు.